యథాపూర్వం కారవలెను

జిప్పు సంచిలో నాలుగు చీరలు, రెండు తువ్వాళ్ళు, మందుల డబ్బా పెట్టి అచ్చియ్యమ్మ జిప్పు లాగేసింది.

"నాలుగేంటే? ఆరు పెట్టమన్నాను కదా," అంది నరసాయమ్మ మంచం మీద కూర్చుని.

"ఇరవై రోజులకి నాలుగు చాలొదినా. ఆరు పెడితే ఆరూ మాసేదాకా అక్కడే కూచుంటావు."

"మరి శాలువా?"

"జూన్ నెల్లో శాలువా ఏంటి? చలికాలం దాకా ఉండిపోదామనా నీ ఎత్తు?"

నరసాయమ్మ నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆయాసంలోకి తిరిగింది. ఆయాసం తగ్గేదాకా అచ్చియ్యమ్మ వీపు రాస్తూ నిలబడింది.

అచ్చియ్యమ్మకి సంచులంటే భయం. ఆ ఇంట్లోంచి సంచి పట్టుకుని గడప దాటినవాళ్ళ లెక్క ఆవిడ నోటికి చెప్పగలదు. అత్తగారు పుష్కరాలకని వెళ్ళింది. మొగుడు కంటి ఆపరేషనుకని సంచి నిండా లుంగీలు పెట్టుకుని కాకినాడ వెళ్ళాడు. ఆపరేషను బ్రహ్మాండంగా అయిందని డాక్టర్లు ఇప్పటికీ చెబుతారు. అందుకని, సంచి ఎంత చిన్నదైతే మనిషి అంత తొందరగా తిరిగొస్తుందని ఆవిడ తనకి తానే ఒక సిద్ధాంతం చేసుకుంది.

నరసాయమ్మ ఆ మొగుడికి అక్క. డెబ్బై ఆరేళ్ళు. పెళ్ళయిన మూడేళ్ళకే పుట్టింటికి వచ్చేసి, తర్వాత మరదలికి తోడుగా ఉండిపోయింది. ఇద్దరూ నలభై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి, రోజుకొక్కసారైనా దెబ్బలాడుకుని, సాయంత్రం పచ్చీసు ఆడుకునేవారు. ఇప్పుడు నరసాయమ్మ మంచం ఉన్న ఉత్తరపు గదిలో కప్పు కారుతోంది. చెమ్మకి ఉబ్బసం ముదిరింది. కప్పు బాగయ్యేదాకా ఈవిడ ఈ ఇంట్లో ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని కాట్రేనికోనలో చెల్లెలింటికి ప్రయాణం.

ఆటో వచ్చింది. నరసాయమ్మ గుమ్మంలో ఆగి, హాల్లో పరిచి ఉన్న పచ్చీసు గుడ్డ వైపు వేలు చూపించింది. రాత్రి ఆట సగంలో ఆగింది.

"కాయలు కదిపావంటే ఊరుకోను. ఒక్క కాయ పండితే ఆట నాదే."

"నువ్వొచ్చాకే కదా పండేది. ఎల్లిరా."

ఆటో వెళ్ళింది. జూన్ రెండో తారీఖు, సోమవారం.

* * *

ఆ ఊరు గోదావరి ఒడ్డున, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు. దొరలు వెళ్ళిపోయి డెబ్బై ఏళ్ళయినా వాళ్ళు కట్టిన ఇళ్ళు కొన్ని మిగిలాయి. మందపాటి గోడలు, నిలువెత్తు కిటికీలు, పైన గూన పెంకులు. ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు ఎక్కి పెంకులు సర్దేవారు, ఆ ఏటికి గండం గడిచేది. నూట యాభై ఏళ్ళుగా ఇదే పద్ధతి.

రెండేళ్ళ కిందట పురాతన గృహ పరిరక్షణ మండలి అనే ఆఫీసు వెలిసింది. అది వచ్చీ రాగానే అచ్చియ్యమ్మ ఇంటికి ఇత్తడి పలక బిగించింది. పలక బిగించిన ఇంటిమీద ఇంటివాళ్ళు చెయ్యి వెయ్యకూడదు. మరమ్మతులన్నీ మండలే, మండలి ఖర్చుతోనే చేయిస్తుంది. అచ్చియ్యమ్మ ఆ రోజు పలకకి బొట్టు పెట్టి అందరికీ పానకం పోసింది. ఆ తర్వాత రెండు వేసవులు ఎవరూ పైకెక్కలేదు.

తాపీ మేస్త్రి సత్తిబాబు కిందనుంచే చూసి, క్యాలెండరు కాగితం వెనక లెక్క రాశాడు. పెంకులు అరవై, వాసాలు రెండు, ఇద్దరు మనుషులకి ఒక్కరోజు కూలి. వెరసి నాలుగువేల మూడొందలు.

"ఈయాళ చెబితే రేపు మద్యాన్నానికి అయిపోద్దండి పిన్నిగారూ. ఆయ్!"

అచ్చియ్యమ్మ ఆ కాగితం పట్టుకుని మండలి ఆఫీసుకి వెళ్ళింది. పరిరక్షణాధికారి ఉమామహేశ్వరం గారు దాన్ని రెండు వేళ్ళతో, తడిసిన బొద్దింకని పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"అమ్మా, ఇది అంచనా కాదు. ఇది ఒక మేస్త్రి వ్యక్తిగత అభిప్రాయం. అంచనా అనగా ఏమి? ఒక కట్టడానికి మన జాతి చెల్లించే నివాళికి అంకెల రూపం."

"నివాళి తరవాత చెల్లిద్దురుగాని బాబూ, ముందు అరవై పెంకులు..."

"వేయిస్తాం. యథాపూర్వ స్థితిలో వేయిస్తాం. మా మండలి మూలసూత్రమే అది. ఇల్లు ఎలా ఉండేదో అలాగే ఉండాలి. అంతకంటే చెడిపోకూడదు, అంతకంటే బాగుపడకూడదు."

వారం తిరక్కుండా మండలి అంచనా వచ్చింది. అరవై ఒక్క వేలు. అందులో నిచ్చెన కొనుగోలు, నిచ్చెన కొనుగోలుకు ఉపసంఘం, ఎక్కక ముందు ఫోటోలు, ఎక్కుతుండగా ఫోటోలు, దిగిన పిమ్మట ఫోటోలు ఉన్నాయి. పెంకులు లేవు. అడిగితే, పెంకులు రెండో అంచనాలో వస్తాయన్నారు. రెండో అంచనా ఏడు లక్షల నలభై వేలకి వచ్చింది. ఆ కాలపు పెంకులు ఆ కాలపు పద్ధతిలోనే కాల్చాలి గనక ఊరి బయట కుమ్మరి ఆవం ఒకటి కట్టాలి. ఆవానికి స్థలం కావాలి. ఆ స్థలానికి ప్రహరీ కావాలి. ప్రహరీకి ఇటుకలు మామూలు ఇటుకలే చాలునని పొదుపు కింద రాశారు.

నరసాయమ్మ ఫోను చేసింది.

"ఒసే, పెంకులేశారా?"

"ఇటుకల దాకా వచ్చారొదినా."

"పెంకుటింటికి ఇటుకలేంటే!"

"అదో పెద్ద కథలే. నీ ఆయాసం ఎలా ఉంది?"

"ఆయాసం బానే ఉంది. నేనే బాలేను. ఇక్కడ పొద్దస్తమానం టీవీ. నా మాటకి ఎదురు చెప్పేవాళ్ళే లేరు. ఏవన్నా 'సరే అక్కా' అంటారు. ఎలా బతుకుతారే ఇలా?"

* * *

జూలైలో ఉమామహేశ్వరం గారు తనిఖీకి వచ్చారు. మరమ్మతు మొదలెట్టే ముందు ఇంట్లో ఉన్నదంతా జాబితా రాయాలి. రోజంతా రాశారు. గోడలు, కిటికీలు, బీరువా, తిరగలి. పదిహేడో అంశం: శాలువా, నీలం, ఒకటి. నలభై ఒకటో అంశం: పచ్చీసు ఆట, మధ్యలో ఆగినది, యథాతథంగా ఉంచవలెను. చివరి పేజీలో: నివాసులు, ఇద్దరు.

"ఇందులో ఏదీ ఇల్లు దాటిపోరాదు," అన్నారాయన కలం మూత పెడుతూ. "తరలించాలంటే ముందస్తు అనుమతి. మీరు కూడా ఇరవై నాలుగు గంటలకు మించి ఇల్లు విడవరాదు. విడిచినచో, సదరు గృహం నిర్జనమైనట్టు భావించి మండలి స్వాధీనపరుచుకోవలసి వస్తుంది. బాధతోనే అనుకోండి."

"మరి మా వదిన నెల్రోజులై వెళ్ళింది కదా బాబూ?"

"ఆవిడ జాబితాకి పూర్వం వెళ్ళారు. అది చెల్లుతుంది."

అప్పుడే ఇంకో సంగతి చెప్పారు. ఇంత పెద్ద అంచనా కనక నిపుణుడి సలహా తీసుకోమని పైవాళ్ళు రాశారట. నిపుణుడు ఫ్రాన్సు నుంచే వస్తున్నాడట.

వచ్చిన దొర పేరు గాస్తోన్. అరవై ఏళ్ళ పొడుగాటి మనిషి. మోకాళ్ళ దగ్గర మాసిన ప్యాంటు. లోపలికి వస్తూనే ఉత్తరపు గదిలో బకెట్టుని చూశాడు, కప్పు వైపు చూశాడు, అచ్చియ్యమ్మ వైపు చూసి తలాడించాడు. జేబులోంచి ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. ఎక్కడిదో పల్లెటూరు. రాతి గోడల పాత ఇల్లు, కప్పు మీద నీలం టార్పాలిన్. ఇంకో బొమ్మలో ఇంటి లోపల. నేలమీద బకెట్టు. అదీ ప్లాస్టిక్కే.

దొర ఇంగ్లీషులో ఏవో పది ముక్కలన్నాడు. ఉమామహేశ్వరం గారు వాటిని తెలుగు చేశారు:

"వారి మాతామహి గారి గృహాన్ని పునరుద్ధరించేందుకు వారు గత పదకొండు సంవత్సరాలుగా అంచనాలు తయారుచేయుచున్నారు. మొదట ఒక పనివాడు రెండు వారములన్నాడు. అంచనా ఎంత వేసినా దానికి సగం కలపాలనీ, ఆ పిమ్మట మొత్తం మరిచిపోవాలనీ వారి అనుభవం."

"పదకొండేళ్ళా!" అంది అచ్చియ్యమ్మ. "మరి ఆ అమ్మమ్మ ఏదీ?"

ఉమామహేశ్వరం గారు అడిగారు. దొర ఫోను జేబులో పెట్టేసుకుని, రెండు వేళ్ళు ఆకాశం వైపు చూపించాడు. అచ్చియ్యమ్మకి తెలుగు చెయ్యక్కర్లేకపోయింది.

తర్వాత దొర చొక్కా చేతులు పైకి మడిచి, నిచ్చెన ఎక్కడుందని సైగ చేశాడు. అరవై పెంకులు తనే సర్దేసేటట్టున్నాడు. ఉమామహేశ్వరం గారు అడ్డం పడ్డారు. నిచ్చెన ఇంకా ఉపసంఘంలో ఉంది.

ఆ సమయంలో అచ్చియ్యమ్మకి ఒక ఉపాయం తోచింది. ట్రంకుపెట్టెలో ఇంటి పాత దస్తావేజు ఉంది. ఫ్రెంచిలో రాసింది, ఎర్ర లక్క ముద్రలున్నది. మూడు తరాలుగా ఎవరూ చదవలేదు గాని, ప్రతి విజయదశమికీ పూజలో పెడుతూనే ఉన్నారు. దేవుడి దగ్గర పెట్టే కాగితంలో మనకి మంచే ఉంటుందని ఆవిడ నమ్మకం. ఏటా పెంకులు సర్దుకోవచ్చని అందులో ఒక ముక్క దొరికితే చాలు. తెచ్చి దొర చేతిలో పెట్టింది.

దొర చదివాడు. ఒకచోట ఆగాడు. మొహం వాడిపోయింది. వెంటనే కాగితం మడిచి, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి, ఆవిడ గుప్పిట్లో పెట్టి, గుప్పిటని తన చేతులతో మూసేశాడు.

"ఏముంది? ఏముంది?" అంటూ ఉమామహేశ్వరం గారు ఆ గుప్పిట తెరిచారు.

ఆయన దాన్ని ఆఫీసుకి పట్టుకెళ్ళి తర్జుమా చేయించారు. నాలుగో పేరాలో ఇలా ఉంది: ఉత్తరపు గదిలో కప్పు కారును. కొనువాడు ఈ సంగతి ఎరిగియే కొనుచున్నాడు. తారీఖు వెయ్యిన్నీ ఎనిమిది వందల డెబ్బై ఒకటి.

* * *

మండలి సమావేశం మూడు రోజులు జరిగింది. నాలుగో రోజు ఉమామహేశ్వరం గారు పూలదండతో వచ్చారు. దండ అచ్చియ్యమ్మకి కాదు. ఉత్తరపు గది గుమ్మానికి.

"అమ్మా, మీరు అదృష్టవంతులు. ఈ ఊళ్ళో పాత గోడలున్నవారు ఉన్నారు, పాత తలుపులున్నవారు ఉన్నారు. లిఖితపూర్వకమైన కారుడు ఉన్న ఇల్లు ఇదొక్కటే. యథాపూర్వం అంటే ఏమిటి? ఈ ఇల్లు పూర్వం కారింది. కాబట్టి ఇకముందూ కారాలి."

"అయ్యా, ఏటా సర్దించుకునేవాళ్ళం..."

"సర్దించినా మళ్ళీ కారిందా లేదా?"

"కారింది."

"చూశారా! మీ పూర్వీకులు ఎంత ప్రయత్నించినా ఆ సంప్రదాయాన్ని చెరపలేకపోయారు."

మూడో అంచనా ఇరవై ఏడు లక్షల ఎనభై వేలు. ఆవం రద్దయింది. కారే చోటికి చుట్టూ ఇత్తడి గొలుసు. ప్లాస్టిక్ బకెట్టు స్థానే ఆ కాలపు రాగి గంగాళం. హాలు సందర్శకుల గదిగా మారింది. అచ్చియ్యమ్మ మంచం వంటింట్లోకి వెళ్ళింది. పచ్చీసు గుడ్డ మీద గాజుపెట్టె బోర్లించారు.

సత్తిబాబు ఇదంతా విని, ఒక మిట్టమధ్యాహ్నం సొంత నిచ్చెన తెచ్చుకుని పైకెక్కాడు. పెంకులు ముట్టుకుంటే నేరం గనక ముట్టుకోకుండా, పైన టార్పాలిన్ పరిచి నాలుగు రాళ్ళు పెట్టి దిగాడు. ఆ రాత్రి వాన కురిసినా గది పొడిగా ఉంది. పొద్దున్నే అచ్చియ్యమ్మ కాట్రేనికోనకి ఫోను చేసింది.

"వదినా, సంచి సర్దుకో!"

"సర్దే ఉంది. మూణ్ణెల్లుగా విప్పలేదే."

పదకొండింటికి నోటీసు వచ్చింది. వారసత్వ కారుడుకు బుద్ధిపూర్వకంగా ఆటంకం కలిగించినందున మీపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలెను. వెనకే ఇద్దరు మనుషులు వచ్చి టార్పాలిన్ తీసేసి, ఆగిపోయిన రాత్రికి నష్టపరిహారంగా రెండు బిందెల నీళ్ళు పెంకుల మీద పోసి వెళ్ళారు.

అచ్చియ్యమ్మ మళ్ళీ ఫోను చేసింది.

"సంచి అలాగే ఉంచు వదినా. విప్పకు."

సెప్టెంబరులో ఒకరోజు ఆవిడ తొలి బస్సుకి కాట్రేనికోన వెళ్ళి, ఇరవై నాలుగు గంటల నిబంధన ఉంది గనక ఆఖరి బస్సుకి తిరిగొచ్చింది. తెలగపిండి కూర, మాగాయ పట్టుకెళ్ళింది. ఇద్దరూ మధ్యాహ్నమంతా హాయిగా దెబ్బలాడుకున్నారు. ఇంటివాళ్ళు భయపడి మధ్యలో రెండుసార్లు వచ్చి చూశారు. నరసాయమ్మ బుగ్గలు జారాయి గాని నోరు తగ్గలేదు.

"ఆ గాజుపెట్టె కింద నా కాయలు సరిగ్గానే ఉన్నాయా? నువ్వేం సర్దలేదు కదా?"

"సర్దితే నన్ను జైల్లో పెడతారు. ఆ కాయలకున్న పాటి కాపలా నాకు లేదు."

అక్టోబరు చివర్లో మళ్ళీ ఫోను. గొంతు సన్నబడింది.

"చలేస్తోందే. ఆ శాలువా పంపు."

"పంపను. వచ్చి కప్పుకో," అనేసింది అచ్చియ్యమ్మ. అనేసి, ఫోను పెట్టేసి, తిన్నగా మండలి ఆఫీసుకి వెళ్ళింది. పదిహేడో అంశం తరలింపునకు దరఖాస్తు మూడు ప్రతుల్లో రాసింది.

"తరలింపుకు కారణం?" అడిగారు ఉమామహేశ్వరం గారు.

"చలి."

"చలి అనగా వాతావరణ కారణం. దానికి అనుబంధం జతచేయాలి." ఆయన నిజంగానే దయగా చూశారు. "నేనే స్వయంగా పంపుతానమ్మా. మీ పని నా పని కాదూ!"

ఆయన మాట తప్పలేదు. అనుమతి పత్రం వచ్చింది. నవంబరు పదమూడో తారీఖున.

* * *

ప్రారంభోత్సవం డిసెంబరు నాలుగున పెట్టారు. అప్పటికి వానలు వెనకపట్టి నెల దాటింది. గది ఎండి ఉంది. పైనుంచి వచ్చే పెద్దమనిషి ముందు కారకపోతే మండలి పరువేం కాను? నాలుగో అంచనా తయారైంది. పెంకుల మీద ఒక ట్యాంకు, అర హార్సుపవరు మోటారు, సన్నటి గొట్టం. మోటారు వెయ్యడానికి, ఆపడానికి ఒక మనిషి కావాలి. కప్పు సంగతి తెలిసినవాడైతే మేలు. నెలకి తొమ్మిది వేలు.

ఆ ఉద్యోగం సత్తిబాబుకి వచ్చింది.

వాడు వంటింటి గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"నాలుగేల మూడొందలకి ఆపేద్దును పిన్నిగారూ. ఇప్పుడు ఆగకుండా సూసుకోడానికి నెలకి తొమ్మిదేలిత్తన్నారు. పాపవంటారా?"

"పిల్లలున్నవాడివి. చేసుకో," అంది అచ్చియ్యమ్మ.

మేళం వచ్చింది. పెద్దమనిషి వచ్చాడు. రిబ్బను కత్తిరించగానే సత్తిబాబు స్విచ్చి వేశాడు. మొదటి చుక్క కప్పులోంచి జారి రాగి గంగాళంలో టంగుమని పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో చుక్కకీ కొట్టారు. నూట యాభై ఏళ్ళ చరిత్ర మన కళ్ళముందు బొట్టుబొట్టుగా రాలుతోందని పెద్దమనిషి గద్గదంగా అన్నాడు. ఫ్రాన్సు నుంచి గాస్తోన్ దొర పంపిన కార్డు ఒకటి చదివారు. తమ ఇంటి టార్పాలిన్ మార్చామనీ, కొత్తది ఆకుపచ్చదనీ రాశాడు. ఆ రోజు తనతో మాట్లాడింది బహుశా ఆ కార్డొక్కటే అనిపించి, అచ్చియ్యమ్మ దాన్ని అడిగి తీసుకుంది. అది జాబితాలో లేదు గనక ఇచ్చేశారు.

జనం వెళ్ళాక ఉమామహేశ్వరం గారు ఒక ఫారం పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. మొహం సంతోషంతో మెరుస్తోంది గాని చిన్న చిక్కేదో మిగిలినట్టుంది.

"అంతా యథాపూర్వంగా ఉందమ్మా. గోడలు సరిపోయాయి, కాయలు సరిపోయాయి, కారుడు దివ్యంగా ఉంది. జాబితాలో ఒక్కటే లోటు. నివాసులు ఇద్దరు అని ఉంది. లెక్కకి ఒకరే వస్తున్నారు. ఈ ఫారంలో, రెండో నివాసి ఎప్పుడు వెళ్ళిరి, ఎప్పుడు తిరిగి వచ్చెదరు, ఆ రెండు గళ్ళు పూర్తి చెయ్యండి చాలు."

అచ్చియ్యమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. పక్కగదిలో చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఆవిడ గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా రాసింది.

నరసాయమ్మ జూన్ రెండో తారీఖున నాలుగు చీరలతో కాట్రేనికోన వెళ్ళింది. నవంబరు పదకొండో తారీఖు పొద్దున్న అక్కడే పోయింది. తిరిగి రాలేదు.